ఊట లేని ఏడు

పోయిన వారం జ్వరమొచ్చి అనంతపురంలో డాక్టరు దగ్గరికి పోతే, అక్కడి నర్సమ్మ నా ఎడమ మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టింది. ఈ రోజుల్లో అలా ఎవరూ పెట్టరు. వేలికి బట్టల క్లిప్పులాంటిది తగిలించి, అందులో కనపడే అంకె చూసుకుని పొమ్మంటారు. ఆ క్లిప్పు పాడైపోయిందట, అందుకని పాత పద్ధతి. నేను చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాను. నొప్పిగా ఉందా తాతా అని అడిగింది పాపం. నొప్పి కాదు. ఆ చోట ఎవరో వేళ్ళు పెట్టేసరికి ఆయన గుర్తొచ్చాడు. ఎనభైల దశకం ముగియకముందే పోయిన మనిషి, ఇన్నేళ్ళకు నర్సమ్మ వేళ్ళలోంచి వచ్చాడు. ఇంటికొచ్చి ఆ జ్వరంతోనే ఇది రాయడానికి కూర్చున్నాను.

పేరు రాయను. రాస్తే ఆయన దగ్గర చదివినవాళ్ళు నలుగురు నా మీదికి పోట్లాటకు వస్తారు, మా సారు అలాంటివాడు కాదని. ఎలాంటివాడో నాకు తెలుసు. ఉరవకొండకు అవతల ఒక పల్లెలో, ఒకే హైస్కూల్లో, ఒకే కొయ్య బీరువాను చెరి సగం పంచుకుని పనిచేశాం. నేను తెలుగు పండితుణ్ణి, ఆయన ప్రకృతిశాస్త్రం సారు. పై అరలో నా పద్యాల పుస్తకాలు, కింది అరలో ఆయన సీసాలు. ఒక సీసాలో తేలు, ఒక సీసాలో పాముపిల్ల, ఇంకో సీసాలో గొర్రె గుండె. ఆ గుండె సీసా మూత సరిగ్గా బిగిసేది కాదు. నా పుస్తకాలన్నీ మందు వాసన కొట్టేవి. ఇప్పటికీ పద్యం చదవబోతే నాకు ముందు ఆ వాసన వస్తుంది. ఈ ఒక్క విషయంలో ఆయన్ని నేను క్షమించలేదు.

గడియారం కుడి చేతికి కట్టుకునేవాడు. ఎడమ మణికట్టు ఖాళీగా ఉండాలి, ఎందుకంటే దాని మీద ఆయన రెండు వేళ్ళు ఎప్పుడూ ఉండాలి. నడుస్తున్నా, పరీక్ష హాల్లో కాపలా కాస్తున్నా, హెడ్మాస్టరు చీవాట్లు పెడుతున్నా, కుడి చేతి వేళ్ళు పోయి ఎడమ మణికట్టు మీద కూర్చునేవి. అంతటితో ఊరుకునే మనిషా! ఎదురుపడిన వాళ్ళకు నమస్కారం పెట్టడం మానేసి వాళ్ళ చెయ్యి పట్టుకునేవాడు. కాసేపు కళ్ళు మూసుకుని వినేవాడు, వేళ్ళకు చెవులున్నట్టు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి కేకలేస్తుంటే ఈయన మెల్లగా పోయి ఆయన మణికట్టు పట్టుకుని, తమరు చాలా కోపంలో ఉన్నారు సార్, కాసేపాగి మాట్లాడుకుందాం అన్నాడు. మాకు నవ్వాగలేదు. ఆ అధికారికి ఏం చెయ్యాలో తెలియక మంచినీళ్ళు అడిగి తాగాడు.

ఎలా ఉన్నారు సార్ అంటే "పారుతాండాదప్పా" అనేవాడు. బాగున్నానని ఏనాడూ అనలేదు. ఊరి ముసలమ్మలు ఆయన్ని నాడి చూసే వైద్యుడనుకుని వరుసగా చేతులు చాపేవాళ్ళు. వాళ్ళకూ అదే చెప్పేవాడు, పారుతాండాది పోండి అని. ఆ మాటకే వాళ్ళకు సగం జబ్బు తగ్గేది. బస్సు కండక్టరు కూడా ఆయన ఎక్కితే టికెట్టు కొట్టకముందు చెయ్యి చాపేవాడు.

మా ఇద్దరిదీ ఒకే దారి. బడి నుంచి ఊళ్ళోకి వస్తూ ఆయన మధ్యమధ్యలో ఆగి, చేలో వేరుశనగ చెట్టు ఒకటి పెరికి, కాయలు ఎలా దిగాయో చూసేవాడు. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ ఇంకో చెట్టు. రైతులు ఏమీ అనేవాళ్ళు కాదు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఈయనకు సేద్యం పిచ్చి అనుకున్నాను. ఆయనకు ఎగశ్వాస వచ్చినప్పుడల్లా చేను చూసే నెపం పెట్టుకుంటున్నాడని తెలియడానికి చాలా కాలం పట్టింది.

ఇక ఆ పాఠం సంగతి. రక్తప్రసరణ అనేది తొమ్మిదో తరగతిలో ఒక పాఠం. మిగతా సార్లు బోర్డు మీద గుండె బొమ్మ వేసి, కర్ణిక, జఠరిక, ధమని, సిర అని నాలుగు మాటలు బట్టీ పట్టించి వదిలేస్తారు. ఈయన ఆ రోజు తరగతినంతా బడి వెనక బావి దగ్గరికి తోలుకుపోయేవాడు. అది ఓబులేసు అనే పిల్లవాడి నాయన బావి. డెబ్బైల మొదట్లో ఇంకా అక్కడ కపిల తోలేవాళ్ళు. ఎద్దుల జత వాలులో కిందికి దిగితే మోకు లాగుకుని తోలు బాన నీళ్ళతో పైకి వస్తుంది, తొట్టిలో గుమ్మరిస్తుంది. ఎద్దులు వెనక్కి నడిస్తే బాన మళ్ళీ బావిలోకి దిగుతుంది. తొట్టిలోంచి కాలువ, కాలువలోంచి పిల్లకాలువలు, వాటిలోంచి మళ్ళు.

ఆయన ఎద్దుల దగ్గర ఓబులేసును నిలబెట్టేవాడు, వాడి ఎద్దులు వాడి మాటే వింటాయి కాబట్టి. కాలువ వెంబడి పిల్లల్ని వరుసగా పెట్టేవాడు. నువ్వు మెడ, నువ్వు భుజం, నువ్వు మోచెయ్యి. చిట్టచివరి మడి దగ్గర నిలబడిన పిల్లవాడు చిటికెన వేలు. నీళ్ళు వచ్చి పాదాలు తడిస్తే వాడు కేకపెట్టాలి. ఒంట్లో ఇలాంటి కపిలలు రెండు పక్కపక్కన ఉంటాయని చెప్పేవాడు. ఒకటి ఊపిరితిత్తులకు తోడుతుంది, అక్కడ రక్తం గాలి పట్టుకుంటుంది. రెండోది ఒళ్ళంతటికీ తోడుతుంది. రెండు జతల ఎద్దులూ ఒకే అడుగు వేస్తాయి, పుట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా మేతకు కూడా ఆగవు.

చివర్లో ఒక ప్రశ్న ఉండేది. దాని కోసమే ఇంత తతంగం. చివరి మడి దగ్గరున్న పిల్లవాణ్ణి గట్టిగా అడిగేవాడు.

"నీ మడికి వచ్చిన నీళ్ళు మల్ల బాయికి పోతాయాప్పా?"

"పోవు సార్!"

"పోయింటే ఈ జిల్లాకు కరువెందుకొస్తాది? ఒంట్లో మాత్రం పోతాది. చిటికెన వేలు దాకా పోయిన రక్తం ఒక్క బొట్టు కూడా ఈడ ఇంకదు. సిరలు పట్టుకొని మల్ల గుండెకే తిరిగొస్తాది."

పిల్లలు తమ చిటికెన వేళ్ళు చూసుకునేవాళ్ళు. వాళ్ళ ఊళ్ళో ఎక్కడా లేని నీళ్ళ ఏర్పాటు తమ ఒంట్లో ఉందని తెలిసి వాళ్ళ ముఖాలు వెలిగేవి. నేను గట్టు మీద కూర్చుని చూసేవాణ్ణి. నా తరగతిలో ఉపమాలంకారం చెప్పడానికి నాకు అంత మంచి ఉదాహరణ ఏ కావ్యంలోనూ దొరకలేదు. ఆ మాటే ఆయనతో అంటే చిన్నపిల్లవాడిలా సంతోషపడేవాడు.

ఏటా ఎవడో ఒకడు లేచి, గాయం తగిలి రక్తం పోతే ఎలా సార్ అని అడిగేవాడు. ఓబులేసు తొమ్మిదిలో ఉన్న ఏడు ఆ ప్రశ్న ఓబులేసే అడిగాడు. దానికి కూడా సారు బావినే చూపించాడు. పొద్దంతా కపిల తోలితే బావి అడుగంటుతుంది కదా, తెల్లారేసరికి మళ్ళీ నీళ్ళు ఎక్కడివి, ఊట ఊరుతుంది, రక్తమూ అంతే, తోడితే ఊరుతుంది అన్నాడు. ఓబులేసు తల ఊపాడు. తన బావి గురించి తనకు తెలియనిదా! ఆ పాఠం మొత్తం వాడు ఒక్క మాట పోకుండా అప్పజెప్పేవాడు. పదో తరగతి పరీక్ష తప్పి సేద్యంలోకి దిగాక కూడా, కపిల తోలుతూ పక్క చేల వాళ్ళకు ఆ పాఠం చెప్పేవాడట.

తర్వాత వానలు పోయాయి. ఒక ఏడు కాదు. విత్తిన వేరుశనగ భూమిలోనే మాడింది. పశువుల్ని అయినకాడికి సంతకు తోలేశారు. కాళ్ళూ చేతులూ ఉన్నవాళ్ళు కణేకల్ వైపు, కాలువ కింద పొలాల్లో కూలికి పోయారు. బడి వెనక బావి మొదట అడుగంటింది, తర్వాత ఎండింది. ఓబులేసు నాయన దాన్ని ఇంకా లోతుకు తవ్వించాడు. రాయి తగిలింది. ఆ ఏడు సారు తరగతిని బావి దగ్గరికి తోలుకుపోలేదు. తోడటానికి నీళ్ళుంటే కదా.

ఓబులేసుకు అప్పటికే పెళ్ళయింది. భార్య పేరు నారాయణమ్మ. ఒకరోజు పొద్దున బడి మొదలయ్యే వేళకు ఓబులేసు నాయన అనంతపురం నుంచి బస్సు దిగి నేరుగా బడిలోకి వచ్చాడు. కోడలికి ఇంట్లోనే కాన్పయింది, ఆడపిల్ల పుట్టింది, కానీ నెత్తురు ఆగలేదు. ముందురోజు సాయంత్రం అనంతపురం ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి డాక్టరు పోతున్న నెత్తురును కొంత ఆపగలిగాడట, కానీ పోయింది చాలా పోయింది, వెంటనే ఎక్కించాలి అన్నాడట. వచ్చినవాళ్ళలో ఓబులేసు రక్తం ఒక్కటే కలిసింది. నారాయణమ్మ అన్నదమ్ములు కణేకల్ వైపు ఎక్కడో ఉన్నారు. ఓబులేసేమో ఇవ్వనంటున్నాడు.

"మీ మాట తప్ప వాడు ఎవురి మాటా ఇనడు సారూ. వచ్చి చెప్పండి," అన్నాడు ముసలాయన.

సారు సుద్దముక్క బల్ల మీద పెట్టి బయల్దేరాడు. నేనూ పోయాను. బస్సులో ఆయన వేళ్ళు మణికట్టు మీదే ఉన్నాయి.

మేం పోయేసరికి మధ్యాహ్నం కావస్తోంది. ఓబులేసు వార్డు బయట గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లోపల నారాయణమ్మ ముఖం సున్నం కొట్టినట్టు ఉంది. పక్కన ఆమె తల్లి పసిబిడ్డను పట్టుకుని ఉంది. డాక్టరు మంచివాడే. ఆయన నిన్నటి నుంచి ఓబులేసుకు చెప్పిందే చెబుతున్నాడు. మా ఇద్దరి రక్తం కూడా చూశారు. నాది కలవలేదు.

సారు ఓబులేసు పక్కన కింద కూర్చున్నాడు. భయమెందుకప్పా, ఇచ్చిన రక్తం మళ్ళీ వస్తుంది, కొన్నాళ్ళకే వస్తుంది అని నెమ్మదిగా చెప్పాడు. ఓబులేసు ఆయన వైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు. భయపడే మనిషి చూపు కాదు అది. లెక్క సరిచూసుకున్న మనిషి చూపు.

"మీరే చెప్పితిరి గదా సారూ, తోడితే ఊట మాదిరి ఊర్తాదని. మా బాయి మీరు చూసినారు. ఈ ఏడు ఊట యాడుండాది?"

"బాయి వేరప్పా. ఒళ్ళు వేరు."

"అప్పుడు ఒకటే అంటిరి."

ఓబులేసు ఏడుస్తూ చెప్పుకుపోయాడు. "ఉండే నీళ్ళు రెండు మళ్ళకు పారవు సారూ. రెండిటికీ పెడితే రెండూ ఎండుతాయి. పాప ఉండాది, మా నాయన ముసిలోడయినాడు. ఒక మడన్నా నిలబెట్టుకోవాల గదా."

ఇది చదివి వాణ్ణి తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి. నేనూ ఆ క్షణం తిట్టుకున్నాను. కానీ కరువులో ఈ నేల మీద రైతు చేసే పని అదే. బావిలో నీళ్ళు అడుగంటితే, ఏ మడి నిలుస్తుందో చూసి దానికి పెట్టి, రెండో మడిని కళ్ళ ముందే ఎండనిస్తాడు. ఎండే మడి మీద ప్రేమ లేక కాదు. వాడికి తెలిసిన సేద్యమంతా అది. వాడు నమ్మిన పాఠమూ అదే చెప్పింది.

"నేను చెప్పింది తప్పు ఓబులేసూ. ఆ పాఠమే తప్పు," అన్నాడు సారు.

ఓబులేసు తల అడ్డంగా ఊపాడు. "ఆమెను బతికిచ్చేదానికి అట్ల అంటాండారు. మీరు పాఠం తప్పు చెప్పరు సారూ."

మాట మీద మాట పెట్టి ఇంకా ఎంత చెప్పినా వాడు నమ్మలేదు. అప్పుడు సారు లేచి, చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ డాక్టరు దగ్గరికి పోయాడు. ఆయన రక్తం నారాయణమ్మకు కలిసిందని అప్పటికే చెప్పారు. గది తలుపు తెరిచే ఉంది. సారు బల్ల మీద పడుకుని చెయ్యి చాపాడు. డాక్టరు ఆ చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. మళ్ళీ చూశాడు. చెవులకు గొట్టం తగిలించుకుని ఛాతీ మీద పెట్టి చాలాసేపు విన్నాడు. మీకు ఈ సంగతి తెలుసా అని అడిగాడు. చిన్నప్పటి నుంచీ తెలుసు, తీసుకోండి అన్నాడు సారు. మీ దగ్గర తీస్తే మీరు ఈ బల్ల మీది నుంచి లేవరు, నేను తీయను అన్నాడు డాక్టరు. అయినా ఈ మనిషి లేవడు. చెయ్యి అలాగే చాపుకుని పడుకున్నాడు, బడిలో మొండి పిల్లవాడు బెంచీ పట్టుకుని కూర్చున్నట్టు.

ఓబులేసు తలుపు దగ్గరికి వచ్చి ఇదంతా విన్నాడు. లోపలికి వచ్చి సారును భుజం పట్టి లేపాడు.

"సారు కాడ తీయొద్దండి. నా కాడ ఎంతుంటే అంత తీసుకోండి."

సారు మాట నమ్మి ఇచ్చాడనుకునేరు. లేదు. మళ్ళీ రాదనే నమ్మి ఇచ్చాడు. ఆ బల్ల మీద పడుకున్నప్పుడు వాడు తన చావుకు సిద్ధపడ్డ మనిషిలా పసిబిడ్డను ఒకసారి తెమ్మని చూశాడు. నేను బయటికి వచ్చేశాను.

ఎర్రటి సీసా నారాయణమ్మ మంచం పక్కన వేలాడింది. సగం దిగింది. ఆమె పెదవులకు కొద్దిగా రంగు వచ్చిందని ఆమె తల్లి అంది, నాకూ అలాగే అనిపించింది. ఎండ వాలకముందే ఆమె పోయింది. ఆలస్యమైంది అని డాక్టరు మెల్లగా అన్నాడు. ఎవరినీ ఉద్దేశించి అన్నట్టు లేదు.

నర్సు వచ్చి సూది తీసి, సీసా దించింది. ఓబులేసు ఆ సీసానే చూస్తున్నాడు.

"మిగిలిండేది నాకు మల్ల ఎక్కిచ్చరా సారూ?" అని అడిగాడు. "పాప ఉండాది గదా."

నర్సు సీసా తీసుకుపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చెప్పాడు, ఆయన గుండె సంగతి. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండెలో ఒక కవాటం చెడిపోయింది. రక్తం ముందుకు పోయాక మూసుకోవాల్సిన తలుపు సరిగా మూసుకోదు, కొంత వెనక్కి కారుతుంది. అది ఎప్పుడు గతి తప్పుతుందోనని వేళ్ళు పెట్టి వినే అలవాటు. నేను ఇన్నేళ్ళూ దాన్ని చాదస్తం అనుకున్నాను. ఇదంతా చెబుతూ ఆయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ రోజు తర్వాత ఆయన మణికట్టు మీద వేళ్ళు పెట్టగా నేను చూడలేదు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు కూడా. ఎలా ఉన్నారు సార్ అంటే తల ఊపి ఊరుకునేవాడు.

ఆయనకు బదిలీ అయింది. కణేకల్ వైపు ఏదో బడికి పోయాడు. అక్కడ ఆ పాఠం అట్ట మీద బొమ్మ చూపించి చెప్పేవాడట, బావి మాట ఎత్తేవాడు కాదట. నేను ఇక్కడే ఉండిపోయాను. ఓబులేసును రోజూ చూసేవాణ్ణి. మనిషి బతికే ఉన్నాడు, కానీ సేద్యం వదిలేశాడు. కొంచెం దూరం నడిస్తే కూర్చునేవాడు. ఒంట్లో రక్తం లేదు, తోడిచ్చినాను, మళ్ళీ ఊరలేదు అనేవాడు. రెండో పెళ్ళి చేసుకోమంటే, రక్తం లేని మనిషికి పెళ్ళెందుకు అన్నాడు. మధ్యలో వానలు పడ్డ ఏళ్ళు వచ్చాయి. కానీ చుట్టూ బోర్లు పడ్డాయి, వాడి బావికి మాత్రం ఊట మళ్ళీ రాలేదు. బావికే రాలేదు, నాకెట్లొస్తుంది అనేవాడు. ఊళ్ళోవాళ్ళు సోమరి అన్నారు. బిడ్డను వాడి తల్లీ తండ్రీ పెంచారు. పోయిన తల్లి పేరే పెట్టారు, నారాయణమ్మ అని.

ఎనభైల చివర సారు మళ్ళీ మా బడికే వచ్చాడు. అప్పటికి గది దాటి గదికి పోవడానికే ఆయాసం. కాళ్ళు వాచేవి. మొదటి రోజు తొమ్మిదో తరగతి హాజరు పిలుస్తూ నారాయణమ్మ అనే పేరు దగ్గర ఆగిపోయాడట. ఆ పిల్ల లేచి, ఉన్నా సార్ అన్నదట. ఆ సాయంత్రం నన్ను అడిగాడు, ఓబులేసు కూతురేనా అని. అవునన్నాను. మా మాట వాడు నమ్మలేదు, ఇప్పుడైనా మీరు మళ్ళీ చెప్పండి అన్నాను, నమ్మితే వాడు లేచి తిరుగుతాడు కదా అని. నాకు అప్పటికి వాడి మీద విసుగు కూడా ఉంది.

"చెప్పకూడదప్పా," అన్నాడు ఆయన. "ఊరదు అనుకుంటాండాడు కాబట్టే బతికుండాడు."

నాకు అర్థం కాలేదు. మనిషికి మంచి చేసే నిజాన్ని దాచేదేమిటని వాదించాను కూడా. ఆయన మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాడు.

ఆ పాఠం వచ్చిన రోజు నన్ను పిలిచాడు. గొంతు రావడం లేదు, నువ్వు చదువు, నేను వెనక కూర్చుంటాను అన్నాడు. తెలుగు పండితుడు రక్తప్రసరణ చెబితే ఎలా ఉంటుందో చెప్పాలా? పద్యం చదివినట్టు రాగం తీశాను. కర్ణిక దగ్గర తడబడ్డాను, జఠరిక దగ్గర పిల్లలు నవ్వారు. ఎలాగో చివరికి వచ్చాను. అడగాల్సింది ఉంటే అడగండి అన్నాను, అది నా నోటి అలవాటు.

ఓబులేసు కూతురు లేచింది. పుస్తకం వైపు చూస్తూ అడిగింది, పోయిన రక్తం మళ్ళీ ఎప్పుడొస్తుంది సార్ అని. సరిగ్గా ఎన్నాళ్ళకో నాకు తెలియదు. పుస్తకంలో వెతుకుతున్నాను.

"మా నాయనకు ఇంగా రాలేదంట సార్. మంచి వాన పడితే వస్తాదంటాడు," అంది.

వెనక నుంచి బెంచీ కదిలిన చప్పుడైంది. సారు గోడ పట్టుకుని లేచాడు. చాలాసేపు ఆ పిల్లను చూశాడు. అబద్ధం చెబుతాడేమోనని నేను అనుకున్నాను, చెప్పినా బాగుండేది అని ఇప్పుడు అనుకుంటున్నాను.

"ఎముకల్లో పుడ్తాదమ్మా," అన్నాడు. "ఎముక లోపల మూలుగ ఉంటాది గదా, దాంట్లో. రోజూ పుడ్తానే ఉంటాది. వానతో దానికి పనిలేదు. ఇచ్చిన మనిషికి కొన్ని వారాల్లోనే తిరిగొస్తాది."

"మా నాయనకు గూడా వచ్చినాదా సార్?"

"వచ్చినాదమ్మా. ఎప్పుడో."

ఆ పిల్ల సంతోషంగా కూర్చుంది. మధ్యాహ్నం గంట కొట్టగానే ఇంటికి పరిగెత్తడం కిటికీలోంచి కనపడింది. నేను సారు వైపు తిరిగి, చెప్పకూడదంటిరి, చెప్పేస్తిరే అన్నాను. ఆయన ముఖం పాలిపోయి ఉంది. బిడ్డకు కూడా తప్పు పాఠం చెప్పమంటావా అన్నాడు. అప్పుడు, అప్పటికి గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. రక్తం తిరిగి రాదు అనుకున్నంత కాలం ఓబులేసు చేసింది కరువులో మనిషి చేసే పని. తిరిగి వస్తుందని తెలిస్తే, ఆ ఒక్క రోజు ఆలస్యం ఏమిటో వాడికి తెలుస్తుంది.

సాయంత్రం బడి వదిలాక ఆయన ఇంటిదారి పట్టలేదు. బడి వెనక్కి నడిచాడు. నేను చెయ్యి పట్టుకుని నడిపించాను. ఓబులేసు ఎండిన బావి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కపిల రాళ్ళు అలాగే ఉన్నాయి, వాటి మధ్య తుమ్మచెట్లు మొలిచాయి. మమ్మల్ని చూసి వాడు లేవలేదు.

"పాప చెప్పింది సారూ," అన్నాడు. "వానతో పనిలేదంట గదా."

"లేదప్పా."

"అయితే ముందునాడే ఇచ్చింటే..."

సారు వాడి పక్కన గట్టు మీద మెల్లగా కూర్చున్నాడు. నీ తప్పు కాదు, చెప్పిన నాది అన్నాడు. వాడు విన్నట్టు లేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన కుడి చేతి రెండు వేళ్ళు కదిలాయి. ఓబులేసు ఎడమ చెయ్యి తీసుకుని, మణికట్టు మీద పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. ఓబులేసు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"పారుతాండాదా సారూ?" అని అడిగాడు.

"పారుతాండాది."

ఓబులేసు తన చేతి వైపు, దాని మీద ఉన్న వేళ్ళ వైపు చూశాడు.

"ఏమిటికి సారూ, ఇంగ?" అన్నాడు.